మూల వర్ణాలు మూడేనా? రంగుల సిద్ధాంతంపై ఒక సమీక్ష

బొమ్మలు నేర్పే పుస్తకాల్లో మొదటి పాఠం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఎరుపు, పసుపు, నీలం మూల వర్ణాలు. వాటిని రెండేసి చొప్పున కలిపితే నారింజ, ఆకుపచ్చ, ఊదా వస్తాయి. ఈ ఆరింటినీ గుండ్రంగా పేరిస్తే రంగుల చక్రం. అదే విద్యార్థి కంప్యూటర్ ముందు కూర్చుంటే మూల వర్ణాలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంటారు. దినపత్రిక పేజీ అంచున వరసగా అచ్చయ్యే నాలుగు చుక్కలు చూస్తే అక్కడ సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఉంటాయి. మూడు చోట్ల మూడు జాబితాలు. వీటిలో ఏది అసలైనదన్న ప్రశ్న మూడు వందల ఏళ్లుగా నలుగుతూనే ఉంది. ఆ ప్రశ్నకు దొరికిన జవాబులన్నీ కొత్తగా కుంచె పట్టినవారికి పనికిరావు. పనికొచ్చేవాటిలో కొన్ని రంగుల చక్రంలో అసలు కనిపించవు.

జాబితాలు రాసినవారంతా ఒకే పని చేసేవారు కారు. చిక్కంతా అక్కడే ఉంది. నాట్యశాస్త్రంలో ఆహార్యాభినయం గురించి చెప్పే అధ్యాయం నటుల ఒంటికి పూసే రంగుల సంగతి ఎత్తుకుంటుంది. స్వతస్సిద్ధమైన రంగులు నాలుగని అక్కడి లెక్క: తెలుపు, నీలం, పసుపు, ఎరుపు. తెలుపులో పసుపు కలిస్తే పాండువర్ణం, తెలుపులో ఎరుపు కలిస్తే పద్మవర్ణం, పసుపూ నీలమూ కలిస్తే హరితం, నీలమూ ఎరుపూ కలిస్తే కాషాయం. అక్కడితో ఆగకుండా ఆ గ్రంథం ఇంకో మాట కూడా చెబుతుంది. రంగుల బలం ఒక్కలా ఉండదు, బలమైనది ఒక పాలు వేస్తే బలహీనమైనది రెండు పాళ్లు వేయాలి, అన్నిటిలోకీ నీలమే బలమైనది కాబట్టి దాని పాలు ఇంకా తగ్గించాలి. చేత్తో రంగు నూరి కలిపినవాడికి తప్ప తట్టని సంగతి ఇది. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో చాలావాటిలో ఈ ముక్క ఉండదు. అందుకే మొదటిసారి ఆకుపచ్చ కలపబోయిన విద్యార్థి పసుపూ నీలమూ చెరిసగం తీసుకుని, తీరా చూస్తే పళ్లెంలో నీలమే మిగిలిందని బిక్కమొహం వేస్తాడు. పసుపు కుప్పగా వేసుకుని, నీలాన్ని కుంచె కొసన అంటించి కొద్దికొద్దిగా చేర్చడమే పద్ధతి.

యూరప్‌లో ఎరుపు, పసుపు, నీలం జాబితాకు గట్టి ఆధారం తెచ్చింది తాత్త్విక చర్చ కాదు, అచ్చు పని. యాకోబ్ క్రిస్టఫ్ లే బ్లోన్ అనే చిత్రకారుడు మూడు రాగిరేకులకు మూడు రంగులు పట్టించి, ఒకే కాగితం మీద ఒకదానిపై ఒకటి అచ్చువేసి రంగుల బొమ్మ తీశాడు. ఆ పద్ధతిని 1725లో లండన్‌లో పుస్తకంగా వేశాడు. అంతకు ముందే న్యూటన్ చీకటిగదిలో పట్టకం గుండా సూర్యకిరణాన్ని పంపి తెల్లని వెలుగును విడదీశాడు. 1666 ప్రాంతంలో మొదలైన ఆ ప్రయోగాలు 1704లో వచ్చిన ఆప్టిక్స్ గ్రంథంలో రంగుల చక్రంగా తేలాయి. ఆయన ఏడు రంగులు లెక్కపెట్టింది కంటితో చూసి కాదు, సప్తస్వరాలతో పొంతన కుదరాలని. ఇంద్రధనుస్సులో నీలానికీ ఊదాకూ మధ్య ఇండిగో అనే పట్టీ విడిగా కనిపించలేదని ఎవరికైనా అనుమానం వచ్చి ఉంటే ఆ అనుమానం సబబే. చక్రం కూడా అలాంటి ఏర్పాటే. వర్ణపటం నిజానికి ఒక తిన్నని పట్టీ. ఒక కొస ఎరుపు, రెండో కొస ఊదా. ఆ రెండు కొసల్నీ వంచి కలిపింది న్యూటన్. కలిపిన చోట పడే మెజెంటా వంటి రంగులు వర్ణపటంలో ఎక్కడా లేవు. 1770 ప్రాంతంలో మోజెస్ హారిస్ అనే ఆంగ్లేయుడు ఈ చక్రంలో ఎరుపు, పసుపు, నీలాలను సమాన దూరంలో నిలిపి చిత్రకారుల చేతికిచ్చాడు. బౌహౌస్ బడిలో పాఠాలు చెప్పిన జొహానెస్ ఇట్టెన్ 1961లో వేసిన పుస్తకంతో ఆ చక్రం పన్నెండు గళ్లతో ప్రపంచమంతా బడుల్లో స్థిరపడింది.

వెలుగు లెక్క, పూత లెక్క వేరని తేల్చింది మాత్రం శాస్త్రవేత్తలు. కంటిలో మూడు రకాల గ్రాహకాలు ఉంటే చాలు, అన్ని రంగులూ తెలుస్తాయని థామస్ యంగ్ 1802లో ఊహించాడు. వెలుగులు కలపడమూ పూతలు కలపడమూ రెండు వేర్వేరు పనులని హెల్మ్‌హోల్ట్స్ 1852లో వివరించాడు. 1861లో మాక్స్‌వెల్ ఒక గళ్ల రిబ్బన్‌ను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా మూడుసార్లు ఫొటో తీయించి, మూడింటినీ తెర మీద ఒకదానిపై ఒకటి పడేసి రంగుల బొమ్మ చూపించాడు. ఇప్పుడు ఆ ప్రయోగం అందరి జేబులోనూ ఉంది. ఫోన్ తెరలో తెల్లని భాగం మీద చిన్న నీటిబొట్టు వేస్తే, బొట్టు భూతద్దంలా పనిచేసి కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. పసుపు కనిపిస్తున్న చోట బొట్టు వేసినా పసుపు చుక్క ఒక్కటీ ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు రెండూ వెలుగుతుంటాయి, పసుపు పుట్టేది కంటిలో, మెదడులో. అంటే వెలుగుకు మూల వర్ణాలు మూడు కావడం మనిషి కన్ను కట్టడి వల్లే తప్ప వెలుగు స్వభావం వల్ల కాదు.

పూతది తలకిందుల వ్యవహారం. పూత వెలుగును ఇవ్వదు, మింగుతుంది. పసుపు పూత తన మీద పడిన తెల్లని వెలుగులో నీలం భాగాన్ని మింగేసి మిగతాది తిప్పి పంపుతుంది. సయాన్ ఎరుపు భాగాన్ని మింగుతుంది, మెజెంటా ఆకుపచ్చ భాగాన్ని. ఒక్కొక్కటి మింగేది సుమారు మూడో వంతే కాబట్టి ఏ రెంటిని కలిపినా ఇంకా కొంత వెలుగు మిగులుతుంది, రంగు తేటగా వస్తుంది. ఎరుపు పూత అలా కాదు. అది నీలం, ఆకుపచ్చ భాగాలు రెంటినీ మింగేస్తుంది. దానికి నీలం పూత చేర్చితే అది మిగిలిన ఎరుపును కూడా మింగుతుంది. బడిలో ఎరుపూ నీలమూ కలిపి ఊదా ఆశించిన పిల్లలకు వంకాయ తొక్కు కమిలినట్టు నల్లటి ముద్ద దక్కేది ఇందుకే. మెజెంటాలో నీలం కలిపితే అదే ఊదా నిగనిగలాడుతుంది.

మరి పాతవాళ్లకు ఇది తెలియదా అంటే, వాళ్ల పెట్టెలో ఆ రంగులే లేవు. మెజెంటా అన్న పేరే ఇటలీలో 1859లో జరిగిన యుద్ధం నుంచి ఒక కొత్త రసాయన అద్దకానికి వచ్చింది. చీరల దుకాణంలో దాదాపు ఆ రంగునే రాణి రంగు అంటారు. ఎండకు వెలవని మెజెంటా పూతగా పనికొచ్చే క్వినాక్రిడోన్ 1958లో గానీ బజారుకు రాలేదు. సయాన్‌కు దగ్గరగా ఉండే థాలో నీలం 1930లలో వచ్చింది. లే బ్లోన్ కాలానికి దొరికిన పదార్థాలతో ఎరుపు, పసుపు, నీలం మంచి ఎంపికే. తప్పు ఆ కాలపు పనిముట్టును ప్రకృతి సూత్రంగా ఇప్పటికీ బోధించడంలో ఉంది. ఇంకో పక్క, సయాన్, మెజెంటా, పసుపు ఉంటే ఏ రంగైనా కలపవచ్చన్న ప్రచారమూ అతిశయోక్తే. ఏ మూడు పూతలు తీసుకున్నా అందని రంగులు మిగులుతాయి. మంచి నారింజ, గాఢమైన సిందూర ఎరుపు వాటికోసమే కొన్న ట్యూబులో వచ్చినంత తేటగా ఏ కలయికలోనూ రావు. మూల వర్ణాలంటే తక్కువ ట్యూబులతో ఎక్కువ దూరం పోవడానికి ఎంచుకున్న సరంజామా అనుకుంటే సరిపోతుంది.

ఇక్కడ తెలుగిళ్లలో అందరికీ తెలిసిన ఒక వింత గుర్తొస్తుంది. పసుపు నీళ్లలో తెల్లని సున్నం వేస్తే నీళ్లు ఎర్రబడతాయి. దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే. ఏ రంగుల చక్రమూ దీన్ని చెప్పలేదు, ఎందుకంటే ఇది రంగుల కలయిక కాదు, రసాయన చర్య. సున్నం క్షారం తగిలి పసుపులోని పదార్థమే మారిపోతుంది. శ్రీకాళహస్తి కలంకారీ అంతా ఇలాంటి మార్పుల మీదే నడుస్తుంది. కరక్కాయ, గేదెపాలలో నానబెట్టిన గుడ్డ మీద, బెల్లంనీళ్లలో ఇనుప తుక్కు ఊరబెట్టి తీసిన ద్రవాన్ని కలంతో గీస్తే గీత నల్లబడుతుంది. పటిక రాసిన చోట మాత్రమే మొక్క వేరు నుంచి తీసిన రంగు ఎర్రగా పట్టుకుంటుంది. ఆకుపచ్చ దగ్గరికి వచ్చేసరికే అసలైన రంగుల కలయిక కనిపిస్తుంది. నీలి మీద పసుపు రంగు పూస్తే, రెండు పొరల గుండా పోయి వచ్చిన వెలుగు ఆకుపచ్చగా మిగులుతుంది. నీటిరంగుల్లో ఆరిన పొర మీద ఇంకో పలుచటి పొర వేయడం వెనక సూత్రమూ అదే.

లేత, ముదురు అన్న మాటల చిక్కు

రంగు గురించి మాట్లాడుకోవడానికి పేర్లు చాలవు. తెలుగులో పచ్చ అన్న ఒక్క మాటే పచ్చకామెర్లలో, పచ్చగన్నేరులో పసుపును చెబుతుంది, పచ్చగడ్డిలో ఆకుపచ్చను చెబుతుంది. ఇది లోపం కాదు. రంగుల వరసను ఏ భాష ఎక్కడ తెగ్గోస్తుందో దాని ఇష్టం. 1969లో బెర్లిన్, కే అనే ఇద్దరు పండితులు వేసిన పుస్తకం నుంచి ఈ తేడాల మీద పెద్ద చర్చే నడుస్తోంది. చీరల దుకాణం పదకోశం ఇంకా సూక్ష్మం. చిలకపచ్చ, మామిడి చిగురు, మెంతి రంగు, ఉల్లిపొర, నేరేడు, గచ్చకాయ అనగానే కంటికి కట్టినట్టు ఉంటుంది. అయితే ఆ పేర్లతో కలపడం రాదు. కలపడానికి కావలసింది, ఒక రంగు ఇంకో రంగుకు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత.

ఆ కొలతను అందరికంటే స్పష్టంగా ఇచ్చినవాడు బోస్టన్‌లో చిత్రకళ బోధించిన ఆల్బర్ట్ మన్సెల్. 1905లో ఆయన ప్రతి రంగుకూ మూడు లక్షణాలు చెప్పాడు. మొదటిది హ్యూ, అంటే అది ఎరుపు జాతా, పసుపు జాతా, నీలం జాతా అన్నది. రెండోది వాల్యూ, అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఉండే మెట్ల మీద అది ఎన్నో మెట్టన్నది. మూడోది క్రోమా, అంటే బూడిద రంగు నుంచి ఎంత దూరం జరిగింది, ఎంత నిగ్గుగా ఉందన్నది. వాడుకలో లేత, ముదురు అన్న రెండు మాటలే ఈ మూడు పనులూ చేసేస్తాయి. ముదురు ఎరుపు తెమ్మంటే ఒకరు నల్లగా ఉన్న మెరూన్ తెస్తారు, ఇంకొకరు కళ్లు మిరుమిట్లు గొలిపే ఎరుపు తెస్తారు. ఇద్దరూ తప్పు చేయలేదు. మొదటివారు వాల్యూ విన్నారు, రెండోవారు క్రోమా విన్నారు. కొత్తగా వేసేవారి బొమ్మల్లో సగం తప్పులు ఈ రెంటినీ విడదీయకపోవడం వల్ల వచ్చేవే.

మూడింటిలో ముందుగా నేర్వవలసింది వాల్యూ. పుస్తకాలు చక్రంతో మొదలుపెట్టి దీన్ని చివరికి నెట్టేయడం ఒక దురలవాటు. ఎర్ర మందారాన్ని దాని ఆకుల మధ్య ఫొటో తీసి, ఫోన్‌లోనే నలుపు తెలుపులోకి మార్చి చూస్తే సంగతి తెలుస్తుంది. అంత కొట్టొచ్చినట్టున్న పువ్వు ఆకుల్లో కలిసిపోతుంది. ఎరుపూ ఆకుపచ్చా జాతిలో ఎంత దూరమైనా, వెలుగు మెట్ల మీద అవి దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. బొమ్మలో ఆ పువ్వు గుండ్రంగా, రేకలు రేకలుగా కనిపించాలంటే రంగు ఒక్కటే చాలదు, రేకల అంచున పడే వెలుగును, తొడిమ దగ్గరి నీడను వేర్వేరు మెట్ల మీద పెట్టాలి. వాల్యూలు కుదిరితే ముఖాన్ని నీలంతో వేసినా ముఖంలాగే ఉంటుంది. వాల్యూలు తప్పితే ఎంత సరైన చామనచాయ కలిపినా అట్టముక్కలా అవుతుంది. కళ్లు సగం మూసి చూడమని గురువులు చెప్పేది ఇందుకే. రెప్పలు దించగానే చిన్నచిన్న వివరాలు చెదిరిపోయి చీకటి, వెలుగుల ముద్దలే మిగులుతాయి.

ఈ మెట్ల మీద అన్ని రంగులూ ఒకే చోట నిగ్గుదేలవు. పసుపు తన పూర్తి నిగ్గులో ఉండేది తెలుపుకు దగ్గరగా, ఎనిమిదో మెట్టు ప్రాంతంలో. ఊదాకు మొగ్గే నీలం నిగ్గు కిందనెక్కడో, నలుపుకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి ముదురు పసుపు అనేది నిజానికి లేదు. పసుపులో నలుపు వేస్తే అది పసుపు నీడ కాదు, పాచి రంగు. అరటిపండు నీడవైపు వేయాలంటే నలుపు ముట్టకుండా, పసుపు నుంచి కావిరంగు వైపు, గోధుమ రంగు వైపు జారాలి. ఎరుపులో తెలుపు వేస్తే కూడా వెలుగుతో పాటు జాతి మారుతుంది. వేడి తగ్గి గులాబీ వైపు పోతుంది. ఎండ తగిలిన ఎర్ర ఓణీ మడతకు తెలుపుతో పాటు కాస్త నారింజ కలపవలసి వస్తుంది.

క్రోమా గురించి చెప్పవలసింది కొంచెమే గానీ, అది చేదుగా ఉంటుంది. ట్యూబులోంచి వచ్చినంత నిగ్గు ప్రకృతిలో ఎప్పుడో గానీ ఉండదు. డబ్బాలోని ఆకుపచ్చతో వేసిన వేపచెట్టు ప్లాస్టిక్ చెట్టయిపోతుంది. నిజం వేపలో ఎండ పడ్డ కొమ్మ పసుపు వైపు, ఆకాశం వైపు తిరిగిన నీడ నీలం వైపు, లోపలి గుబురు దాదాపు గోధుమ రంగులో ఉంటాయి. చిటికెడు ఎరుపు కలిపితే ఆ ట్యూబు ఆకుపచ్చే లొంగుతుంది. మనిషి చర్మానిదీ ఇదే కథ. పిల్లల క్రేయాన్ పెట్టెల్లో స్కిన్ కలర్ అని ఒక లేత పీచు రంగు పెడతారు. అది చాలా తెలుగిళ్లలో ఎవరి చెయ్యికీ సరిపోదు. నిజానికి అతి తెల్లని చర్మమూ, అతి నల్లని చర్మమూ నారింజ జాతిలోవే. తేడా వాల్యూలో, క్రోమాలో మాత్రమే. బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఆకర్ అనే మట్టిరంగులు, కొంచెం అల్ట్రామెరీన్ నీలం, తెలుపు ఉంటే పచ్చని ఛాయ నుంచి నల్లని ఛాయ దాకా ఇంట్లో అందరినీ వేయవచ్చు.

బురద ఎందుకవుతుంది

కలిపిన రంగు మడ్డిగా మారడానికి కారణం సాధారణంగా ట్యూబు మీద పేరును నమ్మడం. నీలం అని ఉన్నవన్నీ ఒకే నీలం కావు. అల్ట్రామెరీన్ ఊదా వైపు మొగ్గుతుంది, థాలో ఆకుపచ్చ వైపు. నిమ్మపసుపుతో థాలో కలిస్తే చిలకపచ్చ పుడుతుంది. బంతిపువ్వు పసుపుతో అల్ట్రామెరీన్ కలిస్తే మాగిన ఆలివ్ రంగు పుడుతుంది, ఎందుకంటే ఆ రెంటిలోనూ ఎరుపు ఛాయ దాగి ఉంది. అందుకే ఒక్కో మూల వర్ణానికి వేడిదొకటి, చల్లనిదొకటి చొప్పున ఆరు ట్యూబుల పెట్టె సర్దుకోమని చాలామంది గురువులు చెబుతారు. సిద్ధాంతంగా ఇది అతుకులబొంతే. పనిలో మాత్రం బాగా నడుస్తుంది. ఇంతకంటే నమ్మదగింది ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థం సంకేతం. పీబీ 29 అంటే ఏ కంపెనీదైనా అల్ట్రామెరీన్, పీబీ 15 అంటే థాలో, పీఆర్ 122 అంటే క్వినాక్రిడోన్ మెజెంటా. ఒకే ట్యూబులో రెండు మూడు సంకేతాలు కనిపిస్తే అది అప్పటికే కలిపిన రంగు. దానికి ఇంకొకటి చేర్చితే బురదకు దారి సగం వేసినట్టే.

అయితే నిగ్గు చంపడం ఎప్పుడూ తప్పు కాదు, చాలాసార్లు అదే కావాలి. చక్రంలో ఎదురెదురుగా ఉన్న రంగులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. తెల్ల పంచెకు నీలం పెట్టడంలో ఉన్న కిటుకు ఇదే. ఉతికి ఉతికి పసుపు తిరిగిన గుడ్డకు లవలేశం నీలం చేరితే పసుపు ఛాయ విరిగిపోతుంది. లెక్కకు గుడ్డ మునుపటికంటే కాస్త ముదురే అవుతుంది, కంటికి మాత్రం తెల్లబడుతుంది. ఆ నీలం పొడిగా చాలాకాలం వాడింది చిత్రకారుల అల్ట్రామెరీనే. బొమ్మల్లో బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ జోడీ ఇలాంటిది. రెండూ సరితూగితే మంచి బూడిద రంగు వస్తుంది, నీలం మొగ్గితే వానమబ్బు, సియెన్నా మొగ్గితే తడిసిన మట్టి. డబ్బాలోని నలుపుతో వేసిన నీడలో గొయ్యి తవ్వినట్టుంటే, ఈ జోడీతో వేసిన నీడలో గాలి ఆడుతుంది.

ఎదురు రంగు ఏదన్న దగ్గర మళ్లీ జాబితాల తగువు వస్తుంది. బడి చక్రంలో ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ, తెర చక్రంలో సయాన్. పసుపుకు బడి చక్రంలో ఊదా, తెర చక్రంలో నీలం. ఒక రంగును అరనిమిషం తదేకంగా చూసి తెల్లగోడ వైపు తిరిగితే కనిపించే ఛాయ తెర చక్రానికే దగ్గరగా ఉంటుంది. పళ్లెంలో ఒకదాన్నొకటి చంపుకునే జోడీలు మాత్రం పదార్థాన్ని బట్టి ఎక్కడెక్కడో తేలతాయి. ఏ చక్రాన్నీ గుడ్డిగా నమ్మకుండా, తన పెట్టెలోని రంగుల్ని రెండేసి చొప్పున కలిపి గళ్లు నింపుకున్న ఒక కాగితం దగ్గర ఉంచుకున్న విద్యార్థికి ఈ తగువుతో పనిలేదు.

పక్కన ఏముందన్నది

ఫ్రాన్స్‌లోని గోబెలిన్ తివాచీల కర్మాగారంలో అద్దకాల విభాగానికి 1824లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చాడు. నల్లదారం సరిగా అద్దడం లేదని, నీలం, ఊదా బట్టల మడతల్లో నేస్తే వెలవెలబోతోందని నేతగాళ్ల ఫిర్యాదు. ఆయన ఆ దారాన్ని ఇతర చోట్ల అద్దిన నలుపుతో పోల్చి చూశాడు. దారంలో లోపం లేదు. పక్కనున్న నీలమే నలుపును చెడగొడుతోంది. ప్రతి రంగూ తన ఎదురు రంగును పక్కదాని మీద కొంచెం రుద్దుతుందని, లేత రంగు పక్కన ముదురు మరింత ముదురుగా, ముదురు పక్కన లేత మరింత లేతగా కనిపిస్తుందని ఆయన 1839లో వేసిన పుస్తకం సారాంశం. రంగుల సిద్ధాంతంలో చిత్రకారుడి చేతికి నేరుగా అందే సూత్రం ఏదైనా ఉంటే ఇదే. మూల వర్ణాలు ఎన్నన్న చర్చ ఎటు తేలినా ఇది మారదు.

దీన్ని పరీక్షించడానికి తివాచీలు అక్కర్లేదు. పేడతో అలికిన వాకిట్లో వేసిన ముగ్గు అర్ధరాత్రి కూడా తెల్లగా మెరుస్తుంది. అదే పిండితో సిమెంటు అరుగు మీద వేస్తే పాలిపోతుంది. పిండి మారలేదు, నేల నాలుగైదు మెట్లు వెలుగులోకి ఎక్కింది. పసుపు పూసిన గడప మీద కుంకుమ బొట్టు, పూయని పాత టేకు గడప మీద అదే కుంకుమ బొట్టు పక్కపక్కన చూసినా ఇదే. మొదటిదానిలో ఎరుపు ముదురుగా, గట్టిగా నిలుస్తుంది. రెండోదానిలో చెక్క రంగు దాన్ని తనలోకి లాగేసుకుంటుంది. అందుకే తెల్లకాగితం మీద సరిగ్గా కుదిరిందనుకున్న రంగు చుట్టూ మిగతావి పడ్డాక తప్పుగా తోస్తుంది. అనుభవమున్నవారు మొదట కాగితమంతటా పలుచగా ఒక మట్టిరంగు పూసి, దాని మీద పని మొదలుపెడతారు.

చిన్నచిన్న చుక్కలుగా, పోగులుగా ఉన్నప్పుడు మాత్రం పక్కపక్క రంగులు విడిపోవడం మాని కలిసిపోతాయి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నేసిన నెమలికంఠం చీర దూరం నుంచి మూడో రంగు చీర. దగ్గరికి వెళ్తే రెండు దారాలు, మడత తిప్పితే ఒకసారి పడుగు, ఒకసారి పేక పైకి తేలుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు సెరా 1880లలో ఇదే పద్ధతిని చుక్కలతో కాన్వాసు మీద నడిపాడు. చుక్కలు కంటిలో కలిసి మరింత వెలుగుతాయని అప్పట్లో ఆశపడ్డారు. అలా జరగదు. పక్కపక్కనున్న చుక్కల వెలుగు సగటుకే వస్తుంది. బురదవకపోవడం ఒక్కటే లాభం.

వేడి, చల్లన అన్న విభజన కూడా పోలికతోనే బతుకుతుంది. చక్రంలో ఒక సగానికి వేడి, ఒక సగానికి చల్లన అని రాసిపెట్టడం వల్ల ఒరిగేది తక్కువ. సాయంత్రం ఎండ పడిన తెల్లగోడ మీద కిటికీ చువ్వల నీడ చూస్తే ఎక్కువ తెలుస్తుంది. ఎండ పడ్డ భాగం బంగారు ఛాయలో ఉంటే, నీడ నీలం, ఊదాల్లోకి దిగుతుంది. నీడలోకి వెలుగే రాదనుకోవడం పొరపాటు. అక్కడికి సూర్యుడి వెలుగు రాదు గానీ ఆకాశపు నీలి వెలుగు వస్తుంది. గదిలో చల్లని ట్యూబ్‌లైటు కింద ఈ లెక్క తారుమారై నీడలు వేడిగా కనిపించవచ్చు. వెలుగు ఒక వైపు మొగ్గితే నీడ రెండో వైపు మొగ్గుతుందని చూడటం నేర్చుకుంటే వేడి, చల్లన పట్టికతో అవసరం ఉండదు.

రంగుల పొందిక గురించిన సూత్రాలు అన్నిటికంటే ఎక్కువ పేజీలు తింటాయి, అన్నిటికంటే తక్కువ ఫలితమిస్తాయి. ఎదురెదురు జోడీ, పక్కపక్క మూడు, త్రిభుజం అంటూ చక్రం మీద గీతలు గీసి అవి ఇంపుగా ఉంటాయంటారు. ఏ చక్రం మీద గీయాలన్న తగువు ఉండనే ఉంది. పైగా పాళ్ల సంగతి ఆ గీతలు చెప్పవు. తోట వైకుంఠం వేసిన తెలంగాణ స్త్రీల బొమ్మల్లో గాఢమైన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పక్కపక్కనే నిలుస్తాయి. పొందిక పట్టికలు చూసి ఎవరూ అంత ధైర్యం చేయరు. ముదురు చర్మపు ముద్దలూ, గట్టి రేఖా వాటిని పట్టి ఉంచుతాయి. రంగులకు అర్థాలు చెప్పే పట్టికలు ఇంకా బలహీనం. తెలుపు శోకమంటారు. తెలుగు పెళ్లిలో మధుపర్కాలు తెల్లవే.

బొమ్మ వేసిన రోజున ఉన్న రంగు ఎప్పటికీ ఉండదు. వాన్ గో 1888లో వేసిన పడకగది గోడలు ఇప్పుడు లేత నీలం. మొదట అవి ఊదా. అందులోని ఎరుపు పదార్థం వెలుగుకు వెలిసిపోయింది. కాబట్టి ట్యూబు మీద సంకేతంతో పాటు వెలుగుకు తట్టుకునే శక్తిని చెప్పే నక్షత్రాలో అంకెలో ఉంటాయి, వాటినీ చూడాలి. నీటిరంగు ఆరితే ఒక మెట్టు లేతబడుతుంది, ఆక్రిలిక్ ఆరితే కాస్త ముదురుతుంది. అందువల్ల వాడే కాగితపు ముక్క మీదే పూసి, ఆరనిచ్చి చూడటం తప్ప దారిలేదు.

చివరికి మిగిలేది ఏ వెలుగులో చూస్తున్నామన్నది. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డ తీసుకునేవాళ్లు దుకాణం దీపాల కింద కుదిరిన ముక్కను పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండలో మళ్లీ చూస్తారు. రెండు అద్దకాలు ఒక వెలుగులో ఒకేలా కనిపించి ఇంకో వెలుగులో విడిపోవచ్చు. పసుపుపచ్చని బల్బు కింద బొమ్మ వేస్తే లేత పసుపూ తెలుపూ ఒకటే అనిపిస్తాయి. చాలలేదని ఇంకా పసుపు వేస్తారు, తెల్లారి చూస్తే కాగితానికి కామెర్లు వచ్చినట్టుంటుంది. యూరప్ పుస్తకాలు ఉత్తరం వైపు కిటికీ మంచిదంటాయి, ఎండ నేరుగా పడదు, వెలుగు రోజంతా ఒక్కలా ఉంటుంది కాబట్టి. తెలుగు నేలకు ఆ సలహా ఏడాదిలో కొన్ని నెలలు పనిచేయదు. హైదరాబాద్, విజయవాడ అక్షాంశాల దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో ఆ కిటికీకి పలుచటి తెల్లగుడ్డ తెర కట్టుకోవలసి వస్తుంది.